ఫోన్‌లో ఒక పేరు, సిస్టమ్‌లో ఇంకో పేరు: ఒక సహకార బ్యాంకు సర్టిఫికెట్ల కేస్ స్టడీ

2025 ఆగస్టులో ఒక మంగళవారం, భోజనాల వేళ దాటాక, దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి నుంచి ఒక ఆఫీసర్ ఫోన్ చేసింది.

"సార్, మొన్న ట్రైనింగ్‌లో చూపించారు కదా, సర్టిఫికెట్ ఎవరిచ్చారో ఎట్ల చూడాలో. నా మెయిల్ తెరిచి చూసిన. ఫోన్‌ల ఒక పేరొస్తుంది, సిస్టమ్‌ల ఇంకో పేరొస్తుంది. మెయిల్ మాత్రం రెండిట్ల మంచిగనే ఓపెన్ అయితుంది."

ఆ అమ్మాయి ఫోన్ చేయకపోతే ఈ కేసే లేదు. బ్యాంకు పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. సర్టిఫికెట్ అంటే, ఈ సైటు లేదా ఈ మనిషి ఫలానా అని ఒక సంస్థ సంతకం చేసి ఇచ్చే డిజిటల్ గుర్తింపు పత్రం. ఇంకో మాట. ఆ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థను సర్టిఫికెట్ అథారిటీ, పొట్టిగా సీఏ అంటారు. మన ఊళ్లో సీఏ అంటే చార్టర్డ్ అకౌంటెంటే గుర్తొస్తాడు కాబట్టి, ఇక్కడ దాన్ని అథారిటీ అనే అంటాను.

అది తొమ్మిది బ్రాంచీలున్న పట్టణ సహకార బ్యాంకు. అన్నీ హైదరాబాద్‌లోనే. బ్యాంకులన్నీ అక్టోబర్ 31 లోపు తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్‌కు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ డొమైన్ పేర్లను కేటాయించే రిజిస్ట్రార్ మన మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. 1996లో రిజర్వ్ బ్యాంకే పెట్టిన సంస్థ అది. మార్పుకు ముందు బ్యాంకులో ఎక్కడెక్కడ ఏ సర్టిఫికెట్లు వాడుతున్నారో జాబితా తయారు చేయమని నన్ను పిలిచారు. నిజానికి గుమాస్తా పనిలాంటిదే. పనిలో పనిగా బ్రాంచి సిబ్బందికి రెండు గంటలు క్లాసు చెప్పాను. అడ్రస్ బార్ పక్కన నొక్కి, సర్టిఫికెట్ తెరిచి, దాన్ని ఎవరు జారీ చేశారో చదవడం అందులో ఒక భాగం. నలభై మందికి చెబితే ఒక్కరు సీటుకు వెళ్లాక చేసి చూశారు.

మరుసటి రోజు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. ఆమె ఫోన్ మొబైల్ డేటా మీద ఉంది. అందులో మెయిల్ సైట్ సర్టిఫికెట్ అందరికీ తెలిసిన అథారిటీ ఇచ్చినదే. అదే సైటుకు బ్రాంచి కంప్యూటర్‌లో కనిపించిన సర్టిఫికెట్‌ను మాత్రం బ్రాంచి గేట్‌వే, అంటే ఇంటర్నెట్‌కు వెళ్లే దారిలో ఉండే పెట్టె, జారీ చేసింది. గేట్‌వే పైన ఒక రూట్ ఉంది. రూట్ అంటే అన్నిటికంటే పైన ఉండే అథారిటీ సర్టిఫికెట్, దాన్ని నమ్మితే దాని కింద వచ్చేవన్నీ నమ్మినట్టే. ఆ రూట్ పేరు బ్యాంకు సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే కంపెనీది. అంటే ఆమె మెయిల్ సర్వర్‌కూ ఆమెకూ మధ్య గేట్‌వే కూర్చుని, తాళం తీసి, చదివి, మళ్లీ తన తాళం వేసి పంపుతోంది. బ్రౌజర్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. ఇవ్వదు కూడా, ఎందుకంటే ఆ రూట్‌ను నమ్మమని ఎవరో ఆ కంప్యూటర్‌కు ముందే చెప్పి ఉంచారు.

ఎలా జరిగింది

ఎవరూ కుట్ర చేయలేదు. మూడు చిన్న సౌకర్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, అంతే.

కొన్నేళ్ల కిందట బ్యాంకు అంతర్గత అప్లికేషన్ బ్రౌజర్‌లో నడిచే రకానికి మారింది. సర్వర్‌కు సర్టిఫికెట్ కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సొంత రూట్ సర్టిఫికెట్ తయారు చేసి, ఇన్‌స్టాలర్‌తో పాటు ప్రతి కంప్యూటర్‌లోని నమ్మకమైన రూట్‌ల జాబితాలో చేర్చేసింది. ఆ రూట్‌ను విప్పి చూస్తే ఇరవై ఏళ్ల గడువు, ఏ పేరుకైనా సర్టిఫికెట్ ఇచ్చే అధికారం. దానికి హద్దు ఎక్కడా లేదు.

తర్వాత, ఆఫీసు వేళల్లో వీడియోలు చూస్తున్నారని ఫిర్యాదు వచ్చి, వెబ్ ఫిల్టర్ పెట్టాలని బోర్డు అనుకుంది. నెట్‌వర్క్ పని చేసే వేరే కాంట్రాక్టర్ గేట్‌వే పెట్టాడు. ఎన్‌క్రిప్షన్ విప్పి చూడాలంటే గేట్‌వే రూట్‌ను ప్రతి కంప్యూటర్‌లో ఎక్కించాలి. తొమ్మిది బ్రాంచీలు తిరగాలి. అంత తిరుగుడెందుకని, ఇప్పటికే అన్నిట్లో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ రూట్ కింద తనకొక ఉప అథారిటీ సర్టిఫికెట్, అంటే ఆ రూట్ తరఫున సర్టిఫికెట్లు జారీ చేసే అధికారం, ఇమ్మని అడిగాడు. వాళ్లు ఇచ్చేశారు. ఒక్క మెయిల్‌తో పని అయిపోయింది.

మూడోది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అప్లికేషన్‌లోకి లాగిన్ కావడానికి, లావాదేవీలు ఆమోదించడానికి సిబ్బందికి ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ ఉంది. మేకర్ ఎంట్రీ వేస్తాడు, చెకర్ పాస్ చేస్తాడు, ఇద్దరి సంతకాలూ డిజిటల్‌గా పడతాయి. ప్రతి సర్టిఫికెట్ వెనక రెండు కీలుంటాయి: అందరికీ చూపించే పబ్లిక్ కీ, సంతకం చేసే, ఎవరికీ ఇవ్వకూడని ప్రైవేట్ కీ. ఆ కీలు ఎక్కడ పుట్టాయని ఆరా తీశాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లోనే ప్రైవేట్ కీతో సహా తయారు చేసి, పీఎఫ్‌ఎక్స్ ఫైలుగా మెయిల్‌లో పంపారు. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. వాళ్ల ఇంజినీర్‌ని అడిగితే మనసులో ఏమీ పెట్టుకోకుండా చెప్పాడు: "అన్నా, అందరికీ ఇట్లనే ఇస్తం. పోగొట్టుకుంటే మళ్ల పంపాలె కదా, అందుకే మా దగ్గర ఒక కాపీ ఉంటది."

ఈ విషయం జనరల్ మేనేజర్ గారికి చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు. "అంటే నా సంతకం వాళ్ల దగ్గర కూడా ఉందా?"

ఉంది. కేసు మొత్తంలో అంత సూటి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

మూడు మెట్లు

ఇక్కడ కొంచెం సిద్ధాంతం చెప్పాలి. లేకపోతే తర్వాత మేం చేసిన మార్పులు ఎందుకు చేశామో అర్థం కాదు.

ఫ్రాన్స్‌కు చెందిన మార్క్ జిరో 1991లో యూరోక్రిప్ట్ సభలో సమర్పించిన పరిశోధనా పత్రంలో, అథారిటీని మనం ఎంతవరకు నమ్మాల్సి వస్తోందన్నదాన్ని మూడు మెట్లుగా విడగొట్టాడు. మొదటి మెట్టులో అథారిటీకి మన రహస్య కీ, అంటే ప్రైవేట్ కీ, తెలుసు. మనలా ఎప్పుడైనా సంతకం చేయగలదు. రెండో మెట్టులో రహస్య కీ తెలియదు, కానీ మన పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించి మనలా నటించగలదు, దాన్ని ఎవరూ రుజువు చేయలేరు. మూడో మెట్టులోనూ దొంగ సర్టిఫికెట్ పుట్టించగలదు, కానీ పుట్టిస్తే ఆ మోసాన్ని రుజువు చేయవచ్చు.

మామూలు సర్టిఫికెట్ పద్ధతి మూడో మెట్టుకు చెందుతుంది. నా పేరు మీద నేను అడిగిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. నేను అడగని రెండోది ఎక్కడో కనిపించింది. దాని మీద అథారిటీ సంతకం ఉంది, ఆ సంతకం అథారిటీ తప్ప ఇంకెవరూ చేయలేరు. ఆ రెండో కాగితమే సాక్ష్యం. అయితే ఈ వాదన నిలబడాలంటే రెండో సర్టిఫికెట్ ఎవరో ఒకరి కంట పడాలి. దొంగ సర్టిఫికెట్‌ను బాధితుడికి మాత్రమే చూపించి పక్కకు తప్పుకుంటే? సాక్ష్యం ఉండాల్సిన చోట ఖాళీ మిగులుతుంది. అథారిటీలు దారితప్పిన ప్రతి సందర్భంలోనూ గొడవంతా ఇక్కడే ఉంది.

నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ కథ చూడండి. 2011 జులై 10న ఆ అథారిటీలోకి చొరబడిన వ్యక్తి గూగుల్ డొమైన్ మొత్తానికి పనికొచ్చే సర్టిఫికెట్ పుట్టించాడు. అది బయటపడింది ఆగస్టు చివర్లో. ఇరాన్‌లో జీమెయిల్ వాడే ఒకరికి క్రోమ్ హెచ్చరిక చూపించడంతో. గూగుల్ తన సైట్లకు ఏ అథారిటీలు సర్టిఫికెట్ ఇవ్వవచ్చో క్రోమ్‌లోనే రాసి ఉంచింది కాబట్టి అది పట్టుకోగలిగింది. వేరే బ్రౌజర్లు ఆ దొంగ కాగితాన్ని నెలన్నర పాటు మౌనంగా ఒప్పుకున్నాయి. డిజినోటార్ సెప్టెంబర్‌లో దివాలా తీసింది.

మన దగ్గరా జరిగింది. 2014 జులై 2న గూగుల్ తన డొమైన్ల పేరుతో అనధికార సర్టిఫికెట్లు తిరుగుతున్నట్టు గమనించింది. జారీ చేసింది భారత ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అథారిటీ. దాని పైన ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ రూట్ ఉంది. ఆ రూట్‌ను మైక్రోసాఫ్ట్ తన జాబితాలో పెట్టుకోవడం వల్ల విండోస్ కంప్యూటర్లన్నీ దాన్ని నమ్మాయి. ఫైర్‌ఫాక్స్ జాబితా వేరు, అందులో ఆ రూట్ లేదు, కాబట్టి దానికి ఏమీ కాలేదు. మరుసటి రోజే ఆ ఉప అథారిటీలను రద్దు చేశారు. ఆ తర్వాత క్రోమ్ ఆ భారతీయ రూట్‌ను ఏడు డొమైన్లకు పరిమితం చేసింది. గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ లాంటివి. ఆ ఏడు తప్ప ఇంకే పేరుకు సర్టిఫికెట్ ఇచ్చినా క్రోమ్‌లో చెల్లకుండా పోయింది. ఈ హద్దు గీయడం అనే ఆలోచన మా కేసులో బాగా పనికొచ్చింది, దాని సంగతి కింద వస్తుంది.

గేట్‌వే చేతికి ఉప అథారిటీ సర్టిఫికెట్ ఇవ్వడం కూడా మా బ్యాంకు కాంట్రాక్టర్ కనిపెట్టిందేమీ కాదు. టర్కీలోని టర్క్‌ట్రస్ట్ 2011లో పొరపాటున రెండు ఉప అథారిటీ సర్టిఫికెట్లు జారీ చేసింది. వాటిలో ఒకటి గూగుల్ పేరును వాడుతూ 2012 డిసెంబర్ 24న క్రోమ్ కంట్లో పడింది. 2015లో చైనా అథారిటీ సీఎన్‌ఎన్‌ఐసీ నుంచి అలాంటిదే పొందిన ఈజిప్టు కంపెనీ ఎమ్‌సీఎస్ హోల్డింగ్స్, దాన్ని ఒక ప్రాక్సీ పరికరంలో పెట్టింది. అవి లోకానికి తెలిసిన అథారిటీలు కాబట్టి పట్టుబడ్డాయి. మా బ్యాంకు గేట్‌వేకి ఆ భయం లేదు. కంప్యూటర్‌లో స్థానికంగా ఎక్కించిన రూట్‌ల విషయంలో బ్రౌజర్లు కీ పిన్నింగ్‌ను (గూగుల్ క్రోమ్‌లో రాసి ఉంచినలాంటి జాబితాను) పక్కన పెడతాయి, జారీ అయిన సర్టిఫికెట్లను అందరూ చూడగలిగే బహిరంగ లాగ్‌లో నమోదై ఉండాలన్న నియమాన్నీ అడగవు. యజమానే ఎక్కించాడు, అతని ఇష్టం, అన్నది వాటి తర్కం. యజమానికి తెలియకుండా ఎక్కితే ఏం చేయాలో వాటికి తెలియదు.

మెట్ల భాషలో చెప్పాలంటే, బ్యాంకు సర్వర్ సర్టిఫికెట్లు కాగితం మీద మూడో మెట్టు, చూసేవాడు లేక రెండో మెట్టుకు జారాయి. సిబ్బంది సర్టిఫికెట్లు మొదటి మెట్టు మీదే ఉన్నాయి.

బోర్డు ముందు

డైరెక్టర్లకు ఇదంతా మాటల్లో చెబితే తలూపుతారు, ఫైలు మూసేస్తారు. రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఒక ప్రయోగం చేశాను. గేట్‌వే బ్యాకప్ ఫైలు హెడ్డాఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. ఉప అథారిటీ ప్రైవేట్ కీ అందులోనే ఉంది. దానితో బ్యాంకు నెట్‌బ్యాంకింగ్ పేరు మీద ఒక సర్టిఫికెట్ పుట్టించడానికి పావుగంట పట్టింది. విడిగా పెట్టిన ఒక బ్రాంచి కంప్యూటర్‌లో ఆ పేరు నా ల్యాప్‌టాప్‌కు వచ్చేట్టు మార్చి, బోర్డు గదిలో తెర మీద తెరిచాను. అడ్రస్ సరిగ్గా ఉంది. హెచ్చరిక లేదు. పేజీలో మాత్రం పెద్ద అక్షరాలతో "ఇది మన సైట్ కాదు" అని ఉంది.

ఒక డైరెక్టర్ గారు వెంటనే అడిగారు, మన ఖాతాదారుల ఇళ్లల్లో కూడా ఇట్లనే అవుతుందా అని. కాదు. వాళ్ల ఫోన్లలో, కంప్యూటర్లలో ఈ రూట్ లేదు. ప్రమాదం బ్రాంచి కంప్యూటర్లకే. అయితే బ్యాంకు లెక్కలన్నీ నడిచేది వాటి మీదే.

ఇంకా చెడ్డ వార్త ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇన్‌స్టాలర్‌ను వాళ్ల సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసి చూస్తే అందులోనూ అదే రూట్, అదే ఫింగర్‌ప్రింట్ (సర్టిఫికెట్‌నో కీనో గుర్తుపట్టే చిన్న కోడ్). వాళ్ల సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి చోటా అదే. 2015 ఫిబ్రవరిలో లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ గుర్తొచ్చింది. అన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకే రూట్, దాని కీ సాఫ్ట్‌వేర్‌లోనే. రాబర్ట్ గ్రాహమ్ అనే నిపుణుడు దాని పాస్‌వర్డ్‌ను తొందరగానే బయటపెట్టాడు. అదే ఏడాది నవంబర్‌లో డెల్ కంప్యూటర్లలోనూ అలాంటి రూట్ కనిపించింది. ఒక చోట కారిన కీ అన్ని చోట్లా కారినట్టే. బ్యాంకు, సైబర్ ప్రమాదాలను చూసే ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్‌కు రిపోర్టు చేసింది, సాఫ్ట్‌వేర్ కంపెనీకి లేఖ రాసింది.

ఎవరైనా దీన్ని దుర్వినియోగం చేశారా అని వెతికాం. ఆధారం దొరకలేదు. గేట్‌వే లాగ్‌లు ముప్పై రోజులవే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28 నాటి సర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం 180 రోజులు ఉండాలి. కాబట్టి జరగలేదని కూడా నేను సంతకం చేసి ఇవ్వలేకపోయాను. రిపోర్టులో ఆ వాక్యాన్ని మెత్తబరచమని ఒకరిద్దరు అడిగారు. ఆ ఒక్క వాక్యం మార్చనన్నాను.

అథారిటీని మార్చలేనప్పుడు

సాఫ్ట్‌వేర్ కంపెనీని మార్చేయడమే అందరికీ తోచిన మొదటి పరిష్కారం. చిన్న బ్యాంకుకు అది రెండేళ్ల పని. సొంతంగా అథారిటీ నడిపే మనుషులూ లేరు. అంటే, పూర్తిగా నమ్మలేని అథారిటీతోనే బతకాలి. ప్రశ్న మారింది: అది మోసం చేయకుండా ఆపలేనప్పుడు, చేస్తే మాకు తప్పక కనబడేలా ఏం చేయాలి?

ఈ ప్రశ్న మీద చాలా పరిశోధన ఉంది. 2003లో క్రెయిగ్ జెంట్రీ సర్టిఫికెట్ ఆధారిత ఎన్‌క్రిప్షన్ అని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అందులో సందేశం విప్పాలంటే రెండు కావాలి: నా దగ్గరే ఉండే రహస్య కీ, అథారిటీ ఎప్పటికప్పుడు కొత్తగా ఇచ్చే సర్టిఫికెట్. అథారిటీ దగ్గర నా రహస్యం లేదు కాబట్టి ఒంటరిగా చదవలేదు. నన్ను తొలగించాలంటే వచ్చే సర్టిఫికెట్ ఇవ్వకపోతే చాలు. అదే ఏడాది అల్-రియామి, పాటర్సన్ సర్టిఫికెట్లే లేని పద్ధతి ఒకటి ఇచ్చారు. రెండిటి భద్రతా రుజువుల్లోనూ అథారిటీని కూడా శత్రువుగా లెక్కించి పరీక్షించారు. కానీ రుజువుల్లో ఒక షరతు దాగి ఉంటుంది: అథారిటీ మన పబ్లిక్ కీ స్థానంలో వేరేది పెట్టదు, మొదట్లో పారామీటర్లను, అంటే పద్ధతి మొత్తానికి ఆధారమైన సంఖ్యలను, నిజాయతీగానే తయారు చేస్తుంది అని. 2007లో కొందరు పరిశోధకులు రెండో భాగాన్నే ప్రశ్నించారు. మొదటి రోజు నుంచే దురుద్దేశంతో పారామీటర్లు అమర్చుకునే అథారిటీ ముందు కొన్ని సర్టిఫికెట్ రహిత పద్ధతులు నిలబడవని చూపించారు.

నేను ఆ గణితాన్ని బ్యాంకులో అమలు చేయలేదు, దానికి తయారు సాఫ్ట్‌వేర్ అందుబాటులో లేదు కూడా. తీసుకున్నది ఆ ఆలోచనను. రహస్యం మనిషి దగ్గరే పుట్టాలి. పబ్లిక్ కీ మారితే తెలియాలి. అథారిటీ మాట ఒక్కటే సరిపోకూడదు.

దీన్ని బోర్డుకు చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు, ఎందుకంటే బ్యాంకు వాళ్లు ఇవన్నీ కాగితాల కాలం నుంచీ చేస్తున్నారు. చెక్కు వస్తే సంతకం ఎవరిదో బయటివాణ్ని అడగరు. ఖాతా తెరిచిన రోజు తమ ముందు చేయించుకున్న స్పెసిమెన్ కార్డు తీసి పోల్చి చూస్తారు. స్ట్రాంగ్‌రూమ్ తాళాలు జాయింట్ కస్టడీలో ఇద్దరి దగ్గర ఉంటాయి. ఇవే రెండూ ఇక్కడ పెడుతున్నామన్నాను. చైర్మన్ గారు "మరి ఇన్నాళ్లూ కంప్యూటర్‌లో ఎందుకు పెట్టలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

చేసిన పనులివి. గేట్‌వే తనిఖీ ఆ సాయంత్రమే ఆపించాం. వెబ్ ఫిల్టర్ కావాలంటే డొమైన్ పేర్లను చూసి ఆపే పద్ధతి చాలు, మెయిళ్లు విప్పి చదవాల్సిన పని లేదు. కొత్త రూట్ కీ చిన్న హార్డ్‌వేర్ మాడ్యూల్‌లో పుట్టింది, ఇద్దరు ఆఫీసర్ల ఎదుట. సీలు వేసిన కవర్‌లో స్ట్రాంగ్‌రూమ్‌లోకి వెళ్లింది. రోజువారీ జారీకి రెండు ఉప అథారిటీలు, సర్వర్లకు ఒకటి, మనుషులకు ఒకటి. వాటిని నడిపేది ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ కంపెనీయే. సర్వర్ల ఉప అథారిటీ బ్యాంకు అంతర్గత డొమైన్ పేర్లకు మాత్రమే సర్టిఫికెట్ ఇవ్వగలిగేలా దానిలోనే హద్దు రాశాం. హద్దు రూట్ మీద మాత్రమే రాస్తే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పట్టించుకోవు, అందుకే రోజూ వాడే ఉప అథారిటీల మీద రాయడం ముఖ్యం. ఇక ఆ కీ కారినా మెయిల్ సైట్ పేరు మీద చెల్లే సర్టిఫికెట్ పుట్టదు.

సిబ్బంది కీలు ఇప్పుడు వాళ్ల సీటు దగ్గరే, యూఎస్‌బీ టోకెన్‌లో పుడతాయి. బయటికి వెళ్లేది పబ్లిక్ కీతో కూడిన అభ్యర్థన ఒక్కటే. టోకెన్ చిప్‌ను గుడ్డిగా నమ్మలేదు. 2017లో ఇన్ఫినియన్ చిప్‌ల ఆర్‌ఎస్‌ఏ కీల తయారీలో లోపం బయటపడి, ఎస్టోనియా సుమారు 7,60,000 గుర్తింపు కార్డుల సర్టిఫికెట్లను నిలిపివేయాల్సి వచ్చింది. పుట్టిన ప్రతి కీని ఆ లోపం కోసం పరీక్షించాకే తీసుకున్నాం.

అసలైనది స్పెసిమెన్ రిజిస్టర్. టోకెన్‌లో కీ పుట్టగానే, దాని ఫింగర్‌ప్రింట్‌ను బ్రాంచి మేనేజర్, ఆ ఉద్యోగి సంతకం చేసి బ్యాంకు సొంత రిజిస్టర్‌లో నమోదు చేస్తారు. లాగిన్ సర్వర్ రెండు చూస్తుంది. సర్టిఫికెట్ మీద అథారిటీ సంతకం ఉందా? కీ రిజిస్టర్‌లో ఉందా? రెండూ ఉంటేనే తలుపు తీస్తుంది. అథారిటీ రిజిస్టర్‌ను ముట్టుకోలేదు, రిజిస్టర్ రాసేవాళ్లు సర్టిఫికెట్ పుట్టించలేరు. సర్టిఫికెట్ గడువు ముప్పై రోజులు. జెంట్రీ ఆలోచనలాగే, ఉద్యోగం మానేసినవాళ్లకు కొత్తది ఇవ్వకపోతే చాలు.

దీనితో పాటు ఒక నియమం పెట్టాం: ఒక మనిషికి ఒక సమయంలో ఒకే చెల్లే సర్టిఫికెట్. జిరో వాదన నిలబడేది ఈ నియమం మీదే. ఒకే పేరుకు రెండు ఉండటం మామూలు సంగతైతే రెండోది సాక్ష్యం కాదు.

ప్రతి రోజూ పొద్దున్న పది గంటలకు, అథారిటీ ముందు రోజు జారీ చేసిన సర్టిఫికెట్ల జాబితా ముద్రించి హెడ్డాఫీసులో ఒకరు సంతకం చేస్తారు. ప్రతి జాబితాలో అంతకు ముందు రోజు జాబితా హ్యాష్, అంటే ఒక్క అక్షరం మారినా మారిపోయే చిన్న కోడ్, ఉంటుంది, కాబట్టి పాతదాన్ని తర్వాత దిద్దలేరు. ఇది సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీకి పేద చుట్టం. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6962 అనే సాంకేతిక పత్రంగా వచ్చిన ఆ పద్ధతిలో బహిరంగ సర్టిఫికెట్లన్నీ మెర్కల్ చెట్టు రూపంలో, అంటే హ్యాష్‌లను కొమ్మల్లా కలిపి, ఉంచే లాగ్‌లలో నమోదవుతాయి. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయినవి అలా నమోదు కాకపోతే క్రోమ్ ఒప్పుకోదు. అరవై నాలుగు మంది సిబ్బందికి చెట్టు అక్కర్లేదు, గొలుసు సరిపోతుంది.

లాగ్ ఉంటే సరిపోదని మాకు అప్పుడే ఇంకో ఉదాహరణ దొరికింది. మేం ఈ పనిలో ఉండగా, సెప్టెంబర్ మొదటి వారంలో, క్రొయేషియాకు చెందిన ఫినా అథారిటీ ఇంటర్నెట్ సేవల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 అనే ఇంటర్నెట్ చిరునామాకు అనుమతి లేకుండా పన్నెండు సర్టిఫికెట్లు ఇచ్చిందని వెల్లడైంది. వాటిలో మొదటిది 2024 ఫిబ్రవరి నాటిది. బహిరంగ లాగ్‌లలో ఉన్నా అన్ని నెలలు ఎవరికీ కనబడలేదు. అందుకే మా పద్ధతిలో కింద సంతకం చేసే మనిషి పేరు ముందే రాసి పెట్టాం, సెలవు పెడితే ఎవరు చూడాలో కూడా. బ్యాంకు కొత్త డొమైన్‌కు, దానికి ఏ అథారిటీ సర్టిఫికెట్ ఇవ్వవచ్చో చెప్పే సీఏఏ రికార్డు పెట్టి, బహిరంగ లాగ్‌లలో ఆ పేరు కనిపిస్తే ఇద్దరికి మెయిల్ వచ్చేలా చేశాం. ఆ భాగం ఒక పూటలో అయిపోయింది.

నేను చేసిన పొరపాటు

పాత రూట్‌ను కంప్యూటర్లన్నిటి నుంచి తీసేయడానికి నిమజ్జనం అయిన తర్వాతి వారం, సెప్టెంబర్ 13, రెండో శనివారం ఎంచుకున్నాం. బ్యాంకుకు సెలవు. రాత్రి తొమ్మిదికల్లా అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని ఇంటికెళ్లాం.

సోమవారం పొద్దున పదింటికి మలక్‌పేట బ్రాంచి నుంచి ఫోన్. పాస్‌బుక్ ప్రింటింగ్ కియోస్కులు ఆగిపోయాయి. వాటి సాఫ్ట్‌వేర్ లోపలే పాత రూట్‌ను రాసి పెట్టారు, విండోస్ జాబితాను అది చూడదు. నా జాబితాలో కంప్యూటర్లు, సర్వర్లు, టోకెన్లు ఉన్నాయి, కియోస్కులు లేవు. గోడ పక్కన నిలబడి ఉండే ఆ పెట్టెను నేను కంప్యూటర్‌గా లెక్కపెట్టలేదు. పెన్షన్ పడిందో లేదో చూసుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు గంటన్నర క్యూలో నిలబడ్డారు. క్లర్కులు చేత్తో రాసిచ్చారు. ఒక పెద్దాయన కుర్చీ కూడా లేక గుమ్మం మెట్టు మీద కూర్చున్నారని తర్వాత విన్నాను. మధ్యాహ్నానికి కొత్త రూట్‌తో సాఫ్ట్‌వేర్ తెప్పించి సరిచేశాం. ఆ రోజు ఆ టెన్షన్ నా వల్ల వచ్చింది. ఇప్పుడు ఏ బ్యాంకుకు వెళ్లినా మొదట గదుల్లో నడిచి, ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువునూ రాసుకుంటాను.

నవంబర్‌లో

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మొదట ఫోన్ చేసిన ఆ ఆఫీసర్‌ను హెడ్డాఫీసుకు మార్చి, రోజువారీ జాబితా చూసే బాధ్యత ఇచ్చారు. నేను సిఫారసు చేశాను, జనరల్ మేనేజర్ గారు వెంటనే ఒప్పుకున్నారు.

నవంబర్‌లో ఒక గురువారం పది దాటి ఇరవై నిమిషాలకు ఆమె ఫోన్ చేసింది. "సార్, అకౌంట్స్ ఆఫీసర్ గారి పేరు మీద రెండు లైన్లున్నయి. ఒకటి పోయిన వారంది. ఇంకోటి నిన్న రాత్రి ఎనిమిదిన్నరది."

"రిజిస్టర్‌లో?"

"ఒక్కటే ఉంది. పోయిన వారంది."

లాగిన్ సర్వర్ లాగ్ చూశాం. రాత్రి ఎనిమిది నలభైకి ఆ కొత్త సర్టిఫికెట్‌తో ఒక ప్రయత్నం జరిగింది, రిజిస్టర్‌లో కీ లేదని సర్వర్ తిప్పి పంపింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ల ఇంజినీర్ ఒప్పుకున్నాడు. ఆ ఆఫీసర్ స్క్రీన్‌లో ఒక రిపోర్టు సరిగా రావడం లేదని ఫిర్యాదు ఉందట. అదే లాగిన్‌తో చూద్దామని ఆయన పేరు మీద ఒకటి జారీ చేసుకున్నాడట. పాత పద్ధతిలో అయితే లోపలికి వెళ్లి, చూసి, వచ్చేసేవాడు.

పదకొండు లోపు ఆ సర్టిఫికెట్ రద్దయింది. జాబితా ప్రింటు మీద రెండో లైను చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన సమయం వేసి, ఆమె సంతకం చేసింది. దాన్ని జతచేసి బ్యాంకు లేఖ మధ్యాహ్నం వెళ్లింది. జవాబుగా కంపెనీ ఆ నెలాఖరుకు, తమ జారీ సర్వర్‌లో ఇద్దరు ఒప్పుకుంటే తప్ప సర్టిఫికెట్ పుట్టకుండా మార్పు చేసి చూపించింది. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు మనిషి.